కాసిల్టన్ చుట్టూ కాలిదారులు: అమ్మానాన్నలతో హోప్ వ్యాలీలో

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఇంగ్లండు పల్లెటూరు చూపించమంటే మనవాళ్ళు ఎక్కువమంది కాట్స్‌వోల్డ్స్‌కే తీసుకెళ్తారు. తేనెరంగు రాతి ఇళ్ళు, బోర్టన్ ఆన్ ది వాటర్ మధ్యలోంచి పారే చిన్న ఏరు, దాని మీద పొట్టి వంతెనలు. చూడ్డానికి అందంగానే ఉంటుంది, లండన్ వాళ్ళకు దగ్గర కూడా. అయితే వేసవి వారాంతాల్లో అక్కడ టూరిస్టు బస్సులు దింపిన జనం మధ్య ఒక వీధిలో అటూ ఇటూ తిరగడంతోనే రోజు అయిపోతుంది. మాకు కావలసింది అది కాదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నాన్నకు పొద్దున్నే లేచి పొలాల వైపు నడిచి రాకపోతే రోజు మొదలైనట్టే ఉండదు. నేను కారు నడపను. ఈ ముగ్గురికీ కుదిరే ఊరు వెతుకుతుంటే దొరికింది కాసిల్టన్. డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో, హోప్ వ్యాలీ అనే లోయకు పడమటి కొసన ఉన్న చిన్న ఊరు.

మాంచెస్టర్‌లోనో షెఫీల్డ్‌లోనో చదువుకునే మన పిల్లలు చాలామందికి ఈ ప్రాంతం మామ్ టోర్ అనే కొండ పేరుతో తెలుసు. ఆదివారం గుంపుగా వచ్చి, కొండెక్కి, ఫొటోలు దిగి, సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఆ కొండ నాకూ ఇష్టమే. కానీ ఈ లోయ గొప్పతనం కింద, పొలాల మధ్య ఉన్న కాలిదారుల్లో ఉంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు అవే చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. మాంచెస్టర్ పికడిలీ నుంచి షెఫీల్డ్ వెళ్ళే లైను ఈ లోయలోంచే పోతుంది. అన్ని చోట్లా ఆగే రైలు దాదాపు గంటకొకటి ఉంటుంది. ఈడేల్, హోప్, బ్యామ్‌ఫర్డ్, హాథర్‌సేజ్, గ్రిండిల్‌ఫర్డ్ వరుసగా వస్తాయి. అదే పట్టాల మీద వేగంగా వెళ్ళే రైళ్ళు కూడా ఉన్నాయి, అవి ఈ చిన్న స్టేషన్లలో ఆగవు, కాబట్టి ఎక్కే ముందు చూసుకోవాలి. మాంచెస్టర్ వైపు నుంచి వస్తే ఈడేల్‌కి ముందు కౌబర్న్ సొరంగం వస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా చీకటి, ఆ తర్వాత ఒక్కసారిగా రెండు పక్కలా పచ్చటి కొండలు. షెఫీల్డ్ నుంచి వచ్చేవాళ్ళకు అటువైపు టోట్లీ సొరంగం ఇంకా పొడవు. 1890ల నాటి సొరంగాలివి. అరవై దాటిన వాళ్ళకు సీనియర్ రైల్‌కార్డు కొంటే టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. వయసు రుజువుకు పాస్‌పోర్టు చాలు, ఇక్కడ స్థిరపడినవాళ్ళే కావాలని లేదు. ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఆ కార్డు డబ్బు కొద్ది ప్రయాణాల్లోనే తిరిగొస్తుంది.

కాసిల్టన్‌లో స్టేషన్ లేదు. హోప్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. హోప్ స్టేషన్ కూడా హోప్ ఊళ్ళో లేదు, ఊరికి ఓ మైలు దూరంలో ఉంది. షెఫీల్డ్ నుంచి హాథర్‌సేజ్, హోప్ మీదుగా వచ్చే 272 నంబరు బస్సు కాసిల్టన్ దాకా వస్తుంది. 2025 నుంచి ఇంగ్లండులో చాలా బస్సులకు ఒకవైపు ప్రయాణానికి 3 పౌండ్లకు మించి తీసుకోకూడదనే నియమం ఉంది, దాంతో ఖర్చు పెద్దగా ఉండదు. సాయంత్రం చివరి బస్సు మాత్రం త్వరగా వెళ్ళిపోతుంది. ఆ వేళ ముందే చూసి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బస చేయడానికి మూడు ఊళ్ళలో ఏది మేలు అని చాలా ఆలోచించాం. ఈడేల్‌లో రైలు దిగిన మరుక్షణం నడక మొదలుపెట్టొచ్చు. కానీ ఊరు మరీ చిన్నది. సాయంత్రమైతే పబ్బుల్లో తప్ప తిండి దొరకదు, ఫోన్ సిగ్నల్ అక్కడక్కడే వస్తుంది. బాగా నడవగలిగే వయసువాళ్ళకు అది స్వర్గం, పెద్దవాళ్ళతో కష్టం. హోప్ ప్రశాంతంగా ఉంటుంది, టూరిస్టుల తాకిడి తక్కువ, కానీ ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యే నడకలు కాసిల్టన్‌లో ఉన్నన్ని లేవు. కాసిల్టన్‌లో కెఫేలు, పబ్బులు, గదులు, పబ్లిక్ టాయిలెట్లు అన్నీ పది నిమిషాల నడకలో ఉన్నాయి. అమ్మ ఏదైనా రోజు ఓపిక లేక మధ్యలో ఆగిపోయినా, ఒక కెఫేలో కూర్చోబెట్టి నాన్నా నేనూ వెళ్ళి రావచ్చు. మాకు అదే ముఖ్యం అనిపించింది.

మొదట ఒక పబ్బు పైన గది తీసుకున్నాం. పాత రాతి భవనం, పరుపులు మంచివి, కిటికీలోంచి కోట కనిపిస్తుంది. అయితే మెట్లు నిచ్చెనలా నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి. అమ్మ ఎక్కడానికీ దిగడానికీ చాలా ఇబ్బంది పడింది. రాత్రి పదకొండు దాకా కింద మాటలు, నవ్వులు పైకి వినిపించేవి. గది బుక్ చేసేటప్పుడు ఫొటోల్లో మెట్లు ఎవరూ చూపించరు కాబట్టి ఫోన్ చేసి అడగడం మంచిది. తర్వాత అదే ఊళ్ళో ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇంటికి మారాం. కింది అంతస్తులో గది, పక్కనే బాత్రూమ్, టీ పెట్టుకోవడానికి కెటిల్. ఇంటావిడ అమ్మ నడక చూసి, అడక్కుండానే మరో కుర్చీ తెచ్చి పెట్టింది. రేటు రాత్రికి నూరు పౌండ్లు దాటింది, వారాంతమైతే కనీసం రెండు రాత్రులు తీసుకోవాలన్నారు. అయినా ఆ డబ్బుకు న్యాయం జరిగింది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఊరి చివర లోజ్‌హిల్ హాల్ అనే విక్టోరియా కాలపు పెద్ద బంగళాలో వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టల్ ఉంది. హాస్టల్ అనగానే అందరూ కలిసి పడుకునే హాలే అనుకోనక్కర్లేదు, కుటుంబాలకు విడి గదులు కూడా ఇస్తారు.

మేం నడిచిన దారుల్లో పెద్దవాళ్ళకు మొట్టమొదట చెప్పేది కాసిల్టన్ నుంచి హోప్ దాకా పీక్స్‌హోల్ వాటర్ అనే వాగు పక్కన వెళ్ళే దారి. రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది. ఎత్తుపల్లాలు లేవనే చెప్పాలి. ఊరికి తూర్పున రోడ్డు మీద వంతెన దాటగానే కుడివైపు చెక్క బోర్డు కనిపిస్తుంది. అక్కడి నుంచి కాసేపు వాగు పక్కన, కాసేపు గొర్రెలు మేసే పచ్చిక బయళ్ళ మధ్య. ఆ వాగు ఊరి వెనక కొండ గుహలోంచి పుట్టి వస్తుంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి. మే నెల కాబట్టి కంచెల్లో హాథార్న్ పొదలన్నీ తెల్లగా పూశాయి. చెట్ల నీడన అడవి వెల్లుల్లి ఆకులు తొక్కితే ఘాటు వాసన. అమ్మ ఒక ఆకు తుంచి నలిపి చూసి, "పప్పులో వేస్తే బాగుంటుంది కదా" అంది.

ఒక పొలంలోంచి ఇంకో పొలంలోకి వెళ్ళడానికి గేట్లు, కొన్నిచోట్ల రాతిగోడలో మనిషి ఒక్కడే దూరేంత సందు, ఇంకొన్ని చోట్ల గోడ దాటడానికి మెట్లు ఉంటాయి. ఈ దారిలో గేట్లే ఎక్కువ, అందుకే మోకాళ్ళకు నయం. సగం దారిలో సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళే రైలు పట్టాలు దాటాలి, రెండు వైపులా చూసుకుని వెళ్ళాలి.

నాన్నకు ఈ దారి మొదటి అడుగు నుంచే ఆశ్చర్యం. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఊరి నక్షాలు, సర్వే నంబర్లు, రస్తా ఆక్రమణల గొడవలు ఆయన జీవితం. మధ్యలో ఒకచోట రైతు ఇంటి పెరటి గోడ పక్కనుంచే దారి వెళ్తుంది. ఆయన అక్కడ ఆగిపోయారు.

"ఇది వాళ్ళ పట్టా భూమే కదమ్మా? మనం ఇట్లా లోపలికి పోతా ఉంటే ఊరుకుంటారా?"

"భూమి వాళ్ళదే నాన్నా. నడిచే హక్కు మాత్రం అందరిదీ."

"రాతలో ఉందా?"

ఉంది. ఏ కౌంటీలోని కాలిదారులు ఆ కౌంటీ దగ్గర అధికారిక పటంలో నమోదై ఉంటాయి. 1949లో వచ్చిన చట్టం ఆ పటాలు తయారుచేయమంది. దారి పటంలో ఉన్నంత కాలం రైతు దానికి అడ్డంగా గోడ కట్టకూడదు, కంచె వేయకూడదు. పొలం మధ్యలోంచి వెళ్ళే దారిని దున్నుకున్నా, మళ్ళీ జనం నడిచేలా చదును చేసి దారి గుర్తు కనిపించేటట్టు ఉంచాలి. ఇంగ్లండు, వేల్స్ కలిపి ఇలాంటి హక్కు ఉన్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. దారి గుర్తుల్లో పసుపు బాణం ఉంటే నడిచేవాళ్ళకు మాత్రమే, నీలం బాణమైతే గుర్రాలకూ సైకిళ్ళకూ కూడా. ఆ రాత్రి నాన్నకు ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ) వాళ్ళ ఓఎల్1 పటం, డార్క్ పీక్ అని రాసి ఉండేది, చూపించాను. 1:25,000 స్కేలు. ప్రతి రాతిగోడా అందులో గీత, ప్రతి కాలిదారీ ఆకుపచ్చ చుక్కల గీత. కళ్ళజోడు పెట్టుకుని, మేం నడిచిన గేట్లు ఒక్కొక్కటీ వేలితో వెతుక్కున్నారు. ఫోన్లో మ్యాపులు ఉన్నా ఈ కాగితం పటం కొనుక్కోవడం మేలు, ఈ లోయలో సిగ్నల్‌ను నమ్ముకోకూడదు.

ఈ హక్కు ఊరికే వచ్చింది కాదు. ఈడేల్ వెనక కిండర్ స్కౌట్ అనే పీఠభూమి ఉంది. ఒకప్పుడు అది భూస్వాములు పక్షులను వేటాడుకోవడానికి ఉంచుకున్న బీడు. చుట్టూ మాంచెస్టర్, షెఫీల్డ్ మిల్లుల్లో పొగ మధ్య పనిచేసే కార్మికులు ఆదివారం గాలి పీల్చుకుందామని వస్తే కాపలావాళ్ళు వెళ్ళగొట్టేవాళ్ళు. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ నుంచి కొన్ని వందల మంది, కావాలనే, కలిసికట్టుగా ఆ బీడులోకి నడిచారు. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఆ శిక్షలు జనాన్ని ఇంకా కదిలించాయి. 1949 చట్టం, 1951లో దేశంలోనే మొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్, 2000లో బీడు భూముల్లో స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చిన చట్టం, వీటన్నిటి వెనకా ఆ రోజు నడక ఉంది. ఇక్కడ ఒక గేటు తీసుకుని వెళ్ళే ప్రతిసారీ నాకు ఆ కుర్రవాళ్ళ మీద కృతజ్ఞత కలుగుతుంది. అందుకే మనం కూడా మర్యాద పాటించాలి. మూసి ఉన్న గేటు మూసే వెళ్ళాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి. దూడలతో ఉన్న ఆవుల మధ్యలోంచి వెళ్ళకుండా దూరంగా చుట్టి వెళ్ళాలి. బిస్కెట్ కవరు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

హోప్ చేరాక సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలో సాక్సన్ల కాలపు రాతి శిలువ స్తంభం ఉంది, చూడండి. అక్కడే బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. తిరుగు ప్రయాణం బస్సులో. పెద్దవాళ్ళకు ఒకవైపు నడిచి, ఒకవైపు బస్సెక్కడం మంచి పద్ధతి. అలసిపోయి వెనక్కి నడవాలి అన్న బెంగ ఉండదు.

ఈ దారి పొడుగునా దక్షిణం వైపు సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తూనే ఉంటుంది. 1929 నుంచీ ఉంది. నేషనల్ పార్కులో ఇదేమిటని చాలామంది విసుక్కుంటారు. మా అమ్మానాన్నలది బేతంచెర్ల. సున్నపురాయి, సిమెంటు చూస్తూ పెరిగినవాళ్ళు కాబట్టి వాళ్ళకు అది వింతగా అనిపించలేదు. ఈ లోయకు దక్షిణాన సున్నపురాయి, ఉత్తరాన షేల్ అనే మెత్తటి పొరల రాయి, ఇసుకరాయి. సిమెంటుకు కావలసిన సున్నపురాయీ షేలూ పక్కపక్కనే దొరుకుతాయి గనుకే ఫ్యాక్టరీ అక్కడ వెలిసింది. అందుకే ఊరికి ఒక వైపు తెల్లటి రాతి గోడలు, రెండో వైపు గోధుమ, నలుపు రంగు గోడలు. ఊరి మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

రెండో దారి విరిగిపోయిన రోడ్డు. నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది. మామ్ టోర్ కొండ తూర్పు ముఖం సుమారు నాలుగు వేల ఏళ్ళుగా జారుతూనే ఉంది. కింద మెత్తటి షేల్, పైన బరువైన ఇసుకరాయి, వానలు పడ్డ చలికాలంలో మరింత జరుగుతుంది. దాని పాదం మీదుగా 19వ శతాబ్దం మొదట్లో గుర్రపు బండ్ల కోసం రోడ్డు వేశారు. తర్వాత అది ఏ625 అనే ప్రధాన రహదారి అయింది. కొండ జారినప్పుడల్లా మరమ్మతు చేసి, మళ్ళీ తారు పోసి, చివరికి 1979లో చేతులెత్తేసి మూసేశారు. ఇప్పుడు అది నడిచేవాళ్ళది. తారురోడ్డు మెట్లుమెట్లుగా విరిగి, ఒకచోట నిలువునా కుంగి, పక్కకు ఒరిగి ఉంటుంది. విరిగిన అంచులో తారు పొరలు ఒకదాని మీద ఒకటి లెక్కపెట్టొచ్చు. ప్రతి పొరా ఒకనాటి మరమ్మతు. మధ్యలో తెల్ల గీత ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది. నాన్న ఆ అంచు దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

బండ్ల కోసం వేసిన రోడ్డు కాబట్టి ఎక్కుడు నెమ్మదిగా ఉంటుంది. కాసిల్టన్ నుంచి వెళ్ళి రావడానికి నెమ్మదిగా నడిచినా సగం పూట చాలు. విరిగిన చోట మాత్రం చేయి పట్టుకుని దాటించాలి. దారి పక్కన ఓడిన్ మైన్ అనే పాత సీసపు గని ఉంది. గుర్రాన్ని గుండ్రంగా తిప్పి ఖనిజం నలగ్గొట్టిన రాతి చక్రం, దాని ఇనుప పట్టా ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. చూడ్డానికి టికెట్టేమీ లేదు. రోడ్డు మూతపడ్డాక కార్లన్నీ విన్నట్స్ పాస్ అనే ఇరుకు లోయలోంచి వెళ్తున్నాయి. రెండు వైపులా నిటారు సున్నపురాతి గుట్టలు, చూడ్డానికి అద్భుతం, కానీ రోడ్డు చాలా ఏటవాలు, కార్లు ఆగకుండా వస్తుంటాయి. పెద్దవాళ్ళతో ఆ దారిన నడవకండి, కింది నుంచి చూసి రండి.

మామ్ టోర్ ఎత్తు 517 మీటర్లు. పైకి వెళ్ళడానికి మామ్ నిక్ దగ్గరి కార్ పార్కు నుంచి మెట్లూ రాళ్ళు పరిచిన దారీ ఉన్నాయి, అక్కడి నుంచి దూరం తక్కువే. కారు ఉన్నవాళ్ళకు అదే సులువు, కాకపోతే మంచి వాతావరణంలో ఆ పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది. 2025 జనవరిలో మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు చుట్టుపక్కల రోడ్ల మీద కార్లు వదిలేసి వెళ్తే దారులు మూసుకుపోయి పెద్ద వార్త అయింది. అలా ఎక్కడపడితే అక్కడ ఆపితే అధికారులు కారు లాక్కెళ్ళొచ్చు, అంబులెన్సులకూ అడ్డం. అమ్మ రాలేదు, నాన్నా నేనూ వెళ్ళాం. పైన గాలి మనిషిని నెట్టేస్తుంది, మే నెలలో కూడా కోటు, టోపీ కావాలి. శిఖరం చుట్టూ కంచు యుగం నాటి నుంచీ మనుషులు బతికిన కోట గట్లు, కందకాలు గడ్డి కింద స్పష్టంగా కనిపిస్తాయి. ఒక వైపు ఈడేల్, మరో వైపు హోప్ వ్యాలీ. ఆకాశంలో ఎక్కడో కనిపించకుండా పాడే భరతపక్షి.

కొంచెం నడవగలిగే పెద్దవాళ్ళకు కాసిల్టన్ నుంచి ఈడేల్‌కి హాలిన్స్ క్రాస్ మీదుగా వెళ్ళే దారి చెప్తాను. ఊరి నుంచి హాలోఫర్డ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్ళి, కొండ గట్టు మీద అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట దాటి, అవతలి లోయలోకి దిగడమే. సుమారు ఐదు కిలోమీటర్లు, నూట యాభై మీటర్లకు పైగా ఎక్కుడు. ఈడేల్‌కి సొంత చర్చి లేని రోజుల్లో అక్కడ చనిపోయినవాళ్ళను ఈ గట్టు మీదుగానే మోసుకొచ్చి ఇవతల పూడ్చేవారట. తర్వాతి కాలంలో ఈడేల్ నూలు మిల్లులో పనికి కాసిల్టన్ ఆడవాళ్ళు రోజూ ఇదే దారిన వెళ్ళి వచ్చేవాళ్ళు. పొద్దున ఎక్కి దిగి, రోజంతా మిల్లులో నిలబడి, మళ్ళీ ఎక్కి దిగడం. మేం పైన కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ ఆ ఆడవాళ్ళ గురించే మాట్లాడుకున్నాం.

ఈడేల్ చేరాక ఎక్కకుండా లోయ అడుగునే తిరగాలంటే బార్బర్ బూత్, అప్పర్ బూత్ అనే చిన్న పల్లెల వైపు వెళ్ళండి. పాతకాలంలో పశువుల కాపరుల గుడిసెలున్న చోట్లు అవి, ఇప్పుడు నాలుగేసి రాతి ఇళ్ళు. పొలాల దారి, వాన పడితే బురద. తిరిగి వచ్చేటప్పుడు పెన్నైన్ వే మీదుగా రావచ్చు. 1965 ఏప్రిల్ 24న, అంటే కిండర్ నడక జరిగిన తేదీనే, ప్రారంభించిన ఆ దారి ఈడేల్‌లో మొదలై స్కాట్లండు దాకా 431 కిలోమీటర్లు వెళ్తుంది. అందులో మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఎవరైనా నడవగలరు. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ప్రతి పొలంలోనూ గొర్రెపిల్లలు ఉంటాయి. కుక్క ఉంటే తప్పనిసరిగా తాడు కట్టాలి.

తడిసిన రోజు కేవ్ డేల్‌కి వెళ్ళొద్దు. కాసిల్టన్ వెనకే, కోట కింద సన్నటి ఎండు లోయ అది, మొదటి వంద అడుగులు చూసి రావడానికి చాలా బాగుంటుంది. కానీ నడిచి నడిచి నున్నబడ్డ సున్నపురాయి వానకు సబ్బులా జారుతుంది. పెవరిల్ కోట విషయంలోనూ ఇంతే, టికెట్ కొన్నాక మెలికలు తిరిగిన నిటారు దారి ఎక్కాలి. పైన రెండో హెన్రీ 1176లో కట్టించిన బురుజు మిగిలింది. కోటలో చూడ్డానికి అంతకుమించి పెద్దగా లేదు, చుట్టుపక్కల దృశ్యం కోసమైతే వెళ్ళండి.

గుహలు నాలుగున్నాయి, అన్నిటికీ టికెట్లు. బేలం గుహలు చూసిన మావాళ్ళకు గుహ అంటే పెద్ద వింతేమీ కాదు, ఒక్కటే చూద్దామన్నారు. పీక్ కావర్న్ ఎంచుకున్నాం. ఊరి మధ్య నుంచి వాగు పక్కన నడిచి వెళ్ళొచ్చు, ముఖద్వారం మహా పెద్దది. ఆ ముఖద్వారంలోనే కొన్ని వందల ఏళ్ళు తాళ్ళు పేనే కుటుంబాలు ఇళ్ళు కట్టుకుని బతికాయి. గైడు తాడు పేని చూపిస్తాడు. లోపల కొన్నిచోట్ల తల వంచుకుని నడవాలి, అమ్మ బాగానే వచ్చింది. స్పీడ్‌వెల్‌లో భూగర్భంలో పడవ ప్రయాణం, పిల్లలకు నచ్చుతుంది, కానీ వంద దాటిన మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. మిగతా రెండూ, ట్రీక్ క్లిఫ్, బ్లూ జాన్, ఊరికి దూరంగా గుట్ట మీద ఉన్నాయి. ఊదా, పసుపు చారలుండే బ్లూ జాన్ రాయి ఈ ఊరి చుట్టుపక్కల తప్ప ఎక్కడా దొరకదు. దాంతో చేసిన ఉంగరాలు, లాకెట్లు ఊళ్ళో దుకాణాల్లో అమ్ముతారు. అమ్మకు ఒక చిన్న లాకెట్ కొన్నాం, ధర ఎక్కువే.

తిండి గురించి. పబ్బుల్లో వంటగది రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా మూసేస్తారు. ఆదివారం ఇంకా ముందే అయిపోవచ్చు. మనం ఎనిమిదిన్నరకు తీరిగ్గా వెళ్తే చిప్స్ కూడా దొరకవు. శాకాహారం ఇప్పుడు ప్రతి చోటా ఉంది, మెనూలో గుర్తు పెట్టి ఉంటుంది, కానీ రోజూ అదే చీజ్, అదే బంగాళాదుంప. మావాళ్ళకు బాగా నచ్చింది డెర్బీషైర్ ఓట్‌కేక్. ఓట్స్ పిండి పులియబెట్టి పెనం మీద పోసేది, మెత్తగా, కాస్త మందంగా ఉంటుంది. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇంటావిడ రోజూ పుట్టగొడుగులు, టమాటాతో పెట్టేది. నాన్న దాని మీద బ్యాగులోంచి తీసిన కారప్పొడి చల్లుకున్నారు. ఆవిడ కూడా అడిగి కొంచెం రుచి చూసింది. మధ్యాహ్నానికి ఇంటి నుంచి పులిహోర, చపాతీలు తెచ్చుకోవడం ఉత్తమం, ఎక్కడ బెంచీ కనిపిస్తే అక్కడ భోజనం.

ఎప్పుడు వెళ్ళాలంటే మే నెల. వెలుతురు రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, చలి తగ్గుతుంది, ఆగస్టు రద్దీ ఇంకా మొదలవదు. మే 29న కాసిల్టన్‌లో గార్లండ్ డే జరుగుతుంది. పూలతో కట్టిన పెద్ద గంటలాంటి బుట్టను తల మీంచి నడుము దాకా వేసుకుని ఒకాయన గుర్రం మీద ఊరంతా తిరుగుతాడు. వెనక బ్యాండు, తెల్ల బట్టల్లో నాట్యం చేసే ఊరి పిల్లలు. చివరికి ఆ పూలబుట్టను తాళ్ళతో చర్చి గోపురం మీదికి లాగుతారు. ఆ తేదీ ఆదివారం వస్తే ముందు రోజే చేస్తారు. గదులు ఆ వారం చాలా ముందుగానే అయిపోతాయి. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, కాబట్టి చలికాలంలో హోప్ దారి మాత్రం నడిచి వచ్చేయండి.

బూట్ల విషయంలో పొదుపు చేయొద్దు. అడుగున గాట్లు ఉన్నవి, నీరు దిగనివి కావాలి. పొడి రోజుల్లో కూడా గడ్డి మీద మంచుకు చెప్పులు తడిసిపోతాయి. అమ్మకు నడకకర్రల జత కొన్నాం, గేట్ల దగ్గర దిగుడులో అవి చాలా ఆసరా. ఏదైనా ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి, ముందు పోలీసు అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. ఈడేల్ మౌంటెన్ రెస్క్యూ బృందంలో అందరూ జీతం లేకుండా పనిచేసే వాలంటీర్లు. ఊళ్ళో ఎక్కడైనా వాళ్ళ విరాళాల డబ్బా కనిపిస్తే తోచినంత వేయండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే లేడీబవర్ జలాశయం కన్నా హాథర్‌సేజ్‌కే నా ఓటు. జలాశయం పెద్దది, అందమైనది, కింద యాషప్టన్, డెర్వెంట్ అనే రెండు ఊళ్ళు మునిగిపోయాయి, కానీ కారు లేకుండా చుట్టూ తిరగడం పెద్దవాళ్ళకు శ్రమ. హాథర్‌సేజ్‌లో డెర్వెంట్ నది పక్కన చదునైన పొలాల దారి ఉంది. నది దాటడానికి వరుసగా పేర్చిన రాళ్ళు ఉన్నాయి, నీళ్ళు ఎక్కువగా ఉన్న రోజు వాటి జోలికి పోవద్దు. చర్చి ఆవరణలో రాబిన్ హుడ్ అనుచరుడు లిటిల్ జాన్‌ది అని చెప్పుకునే చాలా పొడవాటి సమాధి ఉంది. 1936 నాటి ఆరుబయటి ఈతకొలను కూడా ఉంది, నీళ్ళు వేడిచేస్తారు. కాసిల్టన్‌లో గది ఖాళీ చేసిన రోజు సామానుతో 272 బస్సెక్కి హాథర్‌సేజ్‌లో దిగి, భోంచేసి, నది దాకా నడిచి, అక్కడి స్టేషన్లోనే మాంచెస్టర్ రైలెక్కొచ్చు. హోప్‌కి మళ్ళీ వెనక్కి రానక్కర్లేదు.